మొగిలి పసుపు వేయడు

రేకుల మీద ఆ రోజు పదకొండు రాళ్లు దొరికాయి. మొగిలి పాత డ్రమ్ము మీద నిలబడి, కప్పు అంచు ఒక చేత్తో పట్టుకుని, ఒక్కొక్క రాయినీ తీసి కిందికి వదులుతున్నాడు. నిన్న సాయంత్రం పేల్చిన బండ తాలూకు ముక్కలవి. చిన్నవి కోడిగుడ్డంత, పెద్దది కొబ్బరికాయంత. ఒకటి మాత్రం రేకును చీల్చుకుని సగం లోపలికి దిగి ఇరుక్కుపోయింది. అటూ ఇటూ కదిపి ఊడబెరికితే రేకు అంచు వేలిని కోసింది. వేలు నోట్లో పెట్టుకుని చీకి, రక్తం పక్కకు ఉమ్మి, కొత్తగా పడ్డ కన్నంలోంచి కిందికి చూశాడు. షెడ్డు లోపల నూనె పట్టిన మట్టి మీద బిళ్లంత ఎండ పడుతోంది. అలాంటి బిళ్లలు నేలంతా ఉన్నాయి. మధ్యాహ్నమైతే అతని వీపు మీద కూడా పడతాయి.

కొండాపూర్ నుంచి హఫీజ్‌పేట్ స్టేషన్‌కు పోయే దారిలో, పెద్ద బండల నడుమ, ఆ షెడ్డు వేసి పంతొమ్మిదేళ్లయింది. నాలుగు రాతి కడీలు, వాటి మీద రైల్వే వాళ్లు వేలం వేసిన ఇనుప దూలం, ఆ పైన రేకులు. గోడ వెనక వైపు ఒక్కటే. ఆ గోడకొక గూడు, గూట్లో స్క్రూలు పోసిన గాజు గ్లాసు, అగ్గిపెట్టె, అన్నం గిన్నె. రెండేళ్లుగా చుట్టూ ఉన్న బండలు ఒక్కొక్కటే మాయమవుతున్నాయి. రోజుకు రెండుసార్లు, పన్నెండింటికీ అయిదింటికీ, ఎర్రజెండా పట్టుకున్న మనిషి ఈల ఊదుకుంటూ పరుగెత్తుతాడు. దారిన పోయేవాళ్లు ఆగిపోతారు. నేల ఒకసారి కడుపులోంచి దగ్గుతుంది. తరువాత కాసేపు ఆకాశంలోంచి రాళ్లు పడతాయి. అలా చదును చేసిన చోటే దూరాన గుండ్రటి అద్దాల భవనం లేచింది. దాని నాలుగో అంతస్తులో మొగిలి భార్య భూలక్ష్మి నేల తుడుస్తుంది.

పొద్దున ఆమె నీలం యూనిఫారం చీర మీద పిన్ను పెట్టుకుంటూ, ఇంట్లో పసుపు అయిపోయి రెండు రోజులైందని మళ్లీ గుర్తు చేసింది. నిన్న మర్చిపోయాడు, మొన్నా మర్చిపోయాడు.

"కూర తెల్లగ ఉన్నదని నిన్న నువ్వే మొఖం ముడిసినవు. ఇయ్యాల గిట్ల తేకుంటే రేపు కూడ తెల్లకూరనే" అంది.

తెస్తానని చెప్పాడు. ఈసారి నిజంగానే తేవాలనుకున్నాడు.

డ్రమ్ము దిగుతుండగా నల్ల అంబాసిడర్ వస్తున్న చప్పుడు వినిపించింది. చూడకుండానే అది రవీందర్ బండి అని తెలిసింది. ఇంజను వేడెక్కి గొంతు మారింది. ముందు బోనెట్ సందుల్లోంచి ఆవిరి, ఆ వెనక స్టీరింగ్ దగ్గర పోచయ్య ముఖం. ఎడమ కంటి స్థానంలో మూసుకుపోయిన తోలు, చెంప నుంచి మెడ దాకా నున్నగా మెరిసే పాత కాలిన మచ్చ. మొగిలిదీ పోచయ్యదీ ఒకే ఊరు, గోపన్‌పల్లి. ఇద్దరికీ ఏభై దగ్గర పడింది.

ఆ బండి రవీందర్ తండ్రిది. ఆయన ఇప్పుడు లేడు. రవీందర్ ఈ చుట్టుపక్కల భూములు కొని, కొననివి ఆక్రమించి, ప్లాట్లు చేసి అమ్ముతాడు. తిరగడానికి అతనికి కొత్త సుమో ఉంది. కానీ రిజిస్ట్రేషన్‌కు వెళ్లాలంటే తండ్రి అంబాసిడర్‌లోనే వెళ్తాడు. ఏ స్థలం ఖాళీ చేయించినా మొదట ఆ బండికే గొలుసు కట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, పాతదాన్ని ఒక్క గుంజుడు గుంజిస్తాడు. నాయిన చేయి పడ్డాకే తక్కిన కూల్చే యంత్రాలు రావాలి. అది అతని నమ్మకం. జనం దానికి నాయిన గుంజుడు అని పేరు పెట్టుకున్నారు. నవ్వుతూనే అనేవాళ్లు, గొంతు తగ్గించి అనేవాళ్లు.

పది రోజుల కిందట ఆ గొలుసు మొగిలి షెడ్డు పక్కనున్న సత్తెమ్మ చాయ్ హోటల్‌కు కట్టారు. గుంజ సగం ఒరిగింది. అంతలో అంబాసిడర్ బుసబుసా మరిగి, రోడ్డు మధ్యలో ఆగిపోయింది. నాయినకు ఇష్టం లేదు కాబోలని ఎవరో అన్నారు. రవీందర్ ముఖం పాలిపోయింది. మనుషుల్ని వెనక్కి పిలిచి వెళ్లిపోయాడు. పోలీసులకు ఇచ్చిన కాగితం కంటే, ఊళ్లో పెద్దలకు పెట్టిన దండం కంటే, ఆ బండి లోపల ఎక్కడో ఉన్న ఒక్క చిల్లు వాళ్ల రెండు కొట్లనూ పది రోజులు కాపాడింది. ఒరిగిన హోటల్‌కు ఒక వాసం ఆనించి, సత్తెమ్మ దాని కిందే చాయ్ కాస్తోంది.

పోచయ్య బండి దిగి, కాగితం పొట్లం ఒకటి మొగిలి చేతిలో పెట్టాడు. దారంతో రెండు చుట్లు చుట్టి గట్టిగా ముడివేసిన పొట్లం.

"పసుపు. రేడియేటర్ల ఏసి పంపుమన్నడు రవీందర్ పటేలు. అయిదుంబావుకు ముహూర్తమంట." నేల చూస్తూ అన్నాడు. "పంతులు చెప్పిండంట, పోయినసారి నైరుతి మూలకెళ్లి షురువు చేసిన్రు, గందుకే ఆగింది అని. ఈశాన్యం మూల మొదలు గుంజాలెనంట."

ఈశాన్యం మూలన ఉన్నది మొగిలి షెడ్డు.

మొగిలి పొట్లాన్ని గూట్లో పెట్టి, బండి దగ్గరికి వచ్చాడు. బోనెట్ తెరవడానికి ముందు అతనెప్పుడూ నేలను చూస్తాడు. ఒంగి, ఒక మోకాలు మట్టికి ఆనించి, బండి కింద అటు నుంచి ఇటు చూశాడు. ఒక్క చుక్క లేదు. పది కిలోమీటర్లకొక సీసా నీళ్లు తాగుతున్న బండి కింద నేల పొడిగా ఉందంటే నీళ్లు లోపలైనా పోతుండాలి, గాలిలోనైనా పోతుండాలి. తడి గోనెసంచి రేడియేటర్ మీద కప్పి, చల్లబడేదాకా పోచయ్యను దూరంగా బండ నీడలో కూర్చోమన్నాడు. మూత దగ్గరికి పోచయ్యను ఎన్నడూ రానిచ్చేవాడు కాదు.

చల్లబడ్డాక ఆయిల్ పుల్ల తీసి వేళ్ల మధ్య రుద్దాడు. నూనె నల్లగా, జారుగా ఉంది. మజ్జిగలా తెల్లబడలేదు. అంటే నీళ్లు ఇంజను లోపలికి పోవడం లేదు. రబ్బరు గొట్టాలను ఒక్కొక్కటీ పిడికిట్లో పిసికి చూశాడు. పంపు కింద చిన్న రంధ్రంలో చిటికెన వేలు పెట్టి తీశాడు. వేలికి దుమ్మే అంటింది. ఇక పాత రేడియేటర్ మూతకు సైకిల్ ట్యూబు వాల్వు అతికించి తాను తయారుచేసుకున్న మూతను బిగించాడు. సైకిల్ పంపుతో గాలి కొట్టి, కళ్లు మూసుకుని చెవి దగ్గర పెట్టాడు.

ఆ వేళ రోడ్డు మీద కంపెనీ బస్సులు పోతున్నాయి. మెడలో కార్డులు వేసుకున్న పిల్లలు కిటికీల పక్కన నిద్రపోతున్నారు. వాళ్ల బస్సులూ కార్లూ మొగిలి దగ్గర ఆగవు. కొత్త కార్లలో పచ్చటి తియ్యటి వాసన నీళ్లు పోస్తారు, దాన్ని కూలెంట్ అంటారు. ఒకసారి ఒకతను ఆగి, అది ఉందా అని అడిగితే మొగిలి సత్తెమ్మ బిందెలోని మంచినీళ్లు చూపించాడు. అతను నవ్వి వెళ్లిపోయాడు. బోరు నీళ్లు మాత్రం మొగిలి ఏ బండిలోనూ పోయడు. ఉప్పు పేరుకుంటుందని.

మూడోసారి గాలి కొట్టాక వినపడింది. పాము పిల్ల బుసలాంటి సన్నటి చప్పుడు. రేడియేటర్ పై డబ్బా, గొట్టాల వరుస కలిసే అతుకు దగ్గర, లోపలి వైపు, వెంట్రుకంత పగులు. ఇంజను నిలకడగా ఉన్నప్పుడు అది మూసుకునే ఉంటుంది. బరువు లాగి నీళ్లు వేడెక్కి ఒత్తిడి పెరిగినప్పుడు నోరు తెరుస్తుంది. బయటికి చిమ్మిన నీటిని ఫ్యాను లాక్కుని వేడి ఇంజను మీద కొడుతుంది. నేలకు చేరేలోగా ఆవిరైపోతుంది. అందుకే నేల పొడి.

సత్తెమ్మ చాయ్ గ్లాసుతో వచ్చి అతని పక్కనే గొంతుక్కూర్చుంది. అరవై దాటిన మనిషి, గొంతు మాత్రం రోడ్డు అవతలికి వినపడుతుంది. ఇప్పుడు మటుకు తగ్గించి మాట్లాడింది. పోచయ్య చెప్పిందంతా ఆమె వింది.

"తమ్మీ, వాడు పసుపు ఎయ్యమన్నడు. ఎయ్యి. చారెడు ఎయ్యి. గుంజే కాడికి గొట్టాలన్ని బిగుసుకపోయి మల్ల మరుగుతది. వాని నాయిన మల్ల వద్దన్నట్టయితది. నీ చేతికి పాపం గూడ లేదు, వాడు చెప్పిందే చేస్తున్నవు."

ఆమె మాటలో తప్పులేదు. సన్నటి చిల్లుంటే పసుపు నీటిలో ఊరి, చిల్లు నోటికి అడ్డం పడి కూడుకుంటుంది. ఆ దారిలో ఏ డ్రైవరుకైనా తెలిసిన చిట్కా. ఎక్కువైతే లోపలి సన్న గొట్టాలన్నిటినీ అదే పూడుస్తుంది. అప్పుడు నీరు తిరగదు. బండి పది నిమిషాల్లో కుండలా ఉడుకుతుంది.

"నేను పసుపు ఎయ్య అక్కా" అన్నాడు మొగిలి.

అతను రేడియేటర్‌లో పసుపు వేయడని ఆ దారి డ్రైవర్లందరికీ తెలుసు. ఎందుకు వేయడో ఎవరికీ తెలియదు. పాన బోల్టు మీంచి జారిందంటే చేతిలో ఉన్నది ఎదుటివాడి మీదికి విసిరే కోపిష్టి మనిషి, ఒకప్పుడు ఒక లారీ క్లీనరు చేయి విరిచినవాడు, పసుపు అనగానే మెత్తబడి పక్కకు పోతాడు. దాన్నొక చాదస్తమనుకుని వదిలేశారు. సత్తెమ్మ వదల్లేదు. షెడ్డు పోతే ఎక్కడ పెడతావు సామాను అంది. నీకు పెండ్లాం జీతముంది, నాకెవరున్నారు అంది. గాడిదకు గడ్డి వేసి తన్నించుకోవడమంటే ఇదే అంది. మొగిలి రేడియేటర్ బోల్టులు విప్పసాగాడు.

పదకొండున్నరకు సుమో వచ్చి ఆగింది. రవీందర్ దిగాడు, వెనక ఇద్దరు మనుషులు దిగారు. రవీందర్‌కు ముప్పై అయిదేళ్లుంటాయి. తెల్ల చొక్కా, మెడలో లావుపాటి గొలుసు. ఊడదీసి నేల మీద పెట్టిన రేడియేటర్‌ను చూసి ఆగాడు.

"ఒక్క పసుపు పొట్లం ఎయ్యమంటె బండి పేగులన్ని తీసి పెట్టినవేంది మొగిలీ."

అతుకు పగిలిందనీ, మాటు వేస్తాననీ, నాలుగింటికల్లా అవుతుందనీ మొగిలి చెప్పాడు. రవీందర్ కాసేపు అతన్ని చూసి నవ్వాడు.

"నీ షెడ్డు గుంజెటందుకు నా బండిని నువ్వే మంచిగ చేస్తవు. నీ అసొంటోన్ని నేను చూడలే."

అప్పుడు సత్తెమ్మ ఆగలేకపోయింది. వాసం కింద నుంచి అరిచింది. ఈశాన్యం ఈశాన్యం అని ఒకని కడుపు కొడితే నీ నాయిన మెచ్చుతడా అంది.

రవీందర్ నవ్వు ఆగిపోయింది. మెల్లగా పోచయ్య వైపు తిరిగాడు. "ఈశాన్యం సంగతి గీళ్లకు ఎవడు చెప్పిండు" అని అడిగాడు. కడీకి వేలాడుతున్న పాత ఫ్యాను బెల్టును రవీందర్ అందుకున్నాడు.

మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోది మెడ మీద. పోచయ్య పరుగెత్తలేదు, అరవలేదు, వీపు కాచుకోలేదు. రెండు అరచేతులనూ ఒకదాని మీద ఒకటి వేసి కుడి కన్ను ఒక్కదాన్నే మూసుకున్నాడు. వీపు, చెవులు, పొట్ట అన్నీ వదిలేసి ఆ ఒక్కదాన్నే దాచుకుని నిలబడ్డాడు. బెల్టు పడినచోటల్లా చొక్కా మీద నల్లటి చార లేస్తోంది. కాసేపటికి ఒక చార ఎర్రబడింది.

మొగిలి చేతిలో చక్రం పాన ఉంది. మూరెడు ఇనుము. ఎప్పుడు పట్టుకున్నాడో అతనికే తెలియదు. నాలుగు అడుగులు వేశాడు. మనుషులిద్దరూ అతనికీ రవీందర్‌కూ నడుమ వచ్చి నిలబడ్డారు. ఒకడి నడుముకు కత్తి ఉంది. వాడు దాని మీద చేయి వేసి, తీయకుండా, చూస్తూ ఊరుకున్నాడు. అప్పుడే ఎర్రజెండా మనిషి ఈల ఊదుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. రాళ్లు తన సుమో మీద పడతాయని రవీందర్‌కు గుర్తొచ్చింది. బెల్టు కింద పారేసి, అయిదుంబావుకు వస్తానని చెప్పి వెళ్లిపోయాడు.

మొగిలి షెడ్డు వెనక్కి వెళ్లి, పానతో బండను కొట్టాడు. నిప్పురవ్వలు లేచేలా, అరచేయి చీలేలా కొట్టాడు. పాన మూతి విరిగి ఎగిరిపోయాక ఆగాడు.

సత్తెమ్మ గూట్లోంచి పొట్లం తెచ్చి అతని నూనె చేతిలో పెట్టింది. "ఇప్పుడన్న ఎయ్యి" అంది. అంతే అని, ఈల రెండోసారి వినపడటంతో తన హోటల్లోకి పరుగెత్తి బల్ల కింద దూరింది.

మొగిలి పోచయ్యను చేయి పట్టుకుని బండ కడుపు కిందికి లాక్కుపోయాడు. ఇద్దరూ వీపులు రాతికి ఆనించి కూర్చున్నారు. పొట్లం మొగిలి పిడికిట్లోనే ఉంది. బొటనవేలు దాన్ని నొక్కుతూ ఉంది. వేస్తే ఏమవుతుందో అతనికి తెలుసు. సాయంత్రం రోడ్డు మీద బండి మరుగుతుంది. షెడ్డు నిలుస్తుంది. రవీందర్ పోచయ్యను మూత తీయమంటాడు. తీయకపోతే కొడతాడు. తీస్తే ఆవిరి. మూసుకోవడానికి పోచయ్యకు ఈసారి ఒక్క కన్నే ఉంది.

నేల దగ్గింది. బండ వాళ్ల వీపుల్లోకి వణికింది. రేకుల మీద రాళ్లు పడసాగాయి.

ఆ చప్పుడులో మొగిలి ఇరవై ఏళ్ల మాట చెప్పాడు. అప్పుడు తను నాంపల్లిలో ఉస్తాద్ దగ్గర పని చేసేవాడు. పోచయ్య కిరాయి టాక్సీ నడిపేవాడు. పెళ్లివాళ్లు తొందర పెడుతున్నారు. రేడియేటర్ కారుతోంది. ఉస్తాద్ నమాజుకు వెళ్లాడు. పోచయ్య చాయ్ తాగి వచ్చేలోగా తాను గుప్పెడు పసుపు పోసి, మూత బిగించి, అయిపోయింది పో అన్నాడు. పటాన్‌చెరు దాటాక అది మరిగింది. పోచయ్య మూత తీశాడు.

"నీకు చెప్పలే. దవాఖానకు వచ్చిన గని చెప్పలే. ఆ కన్ను నేను తీసిందే పోచిగా."

పోచయ్య మెడ మీది కొత్త దెబ్బను వేలితో తడుముకున్నాడు.

"నాకు ఎర్కనే" అన్నాడు. "మొఖం మీద పడ్డ నీళ్లు పసుపు వాసన వచ్చినయ్. దవాఖానల నర్సమ్మ గూడ అడిగింది, కాలినంక ఎవరు పూసిన్రు ఇంత పసుపు అని. మా ఊరోళ్లు పూసిన్రు అన్న."

రాళ్లు పడటం ఆగింది. ఇద్దరూ లేవలేదు.

"మరి ఇన్నేండ్లు అడగలే."

"అడిగితే కన్నొస్తదా? నువ్వు పంతొమ్మిదేండ్ల సంది నన్ను మూత కాడికి రానిస్తలేవు. దాంతోనే తెలుస్తలేదా." లేచి దులుపుకున్నాడు. "నీ ఇష్టం మొగిలన్నా. ఎయ్యాలెననుకుంటె ఎయ్యి. నేను దూరం నిలబడుత."

మొగిలి షెడ్డులోకి వెళ్లి, పొట్లాన్ని తిరిగి గూట్లో పెట్టాడు. పెడుతూనే, దాన్ని ఇంటికి తీసుకుపోతానని పోచయ్యకు చెప్పాడు. ఇంట్లో పసుపు అయిపోయింది, రోజూ మర్చిపోతున్నాను, ఈసారి గుర్తు చెయ్యి అన్నాడు.

తరువాత మూడు గంటలు అతను తల ఎత్తలేదు. బ్లో ల్యాంపు వెలిగించి, మంటను నీలంగా సన్నంగా దించాడు. అతుకు చుట్టూ ఉన్న పాత సీసం కరిగి బొట్లుగా రాలింది. ఇత్తడి తీగల బ్రష్షుతో పగులును ఎర్రటి రాగి కనపడేదాకా గీకాడు. యాసిడ్ చుక్కలు వేస్తే పొగ లేచి కళ్లు మండాయి. కొత్త టంకం పుల్లను మంటకు చూపిస్తూ, పగులు పొడవునా పారించాడు. అది పాదరసంలా పరుగెత్తి సందులోకి ఇంకింది. ఒక చోట నిలవలేదు. మళ్లీ గీకాడు, మళ్లీ పోశాడు. నీళ్ల తొట్టిలో ముంచి పంపు కొట్టాడు. ఒక్క బుడగ లేవలేదు. ఇంకా నమ్మకం చాలక, రెండింతలు గాలి కొట్టి మళ్లీ ముంచాడు. నీరు అద్దంలా నిలకడగా ఉంది. అందులో కప్పు కన్నాల ఎండబిళ్లలు తేలుతున్నాయి. మొగిలి వాటిని కాసేపు చూశాడు. పని కుదిరినప్పుడు అతని పెదవులు కొంచెం బిగుసుకుంటాయి. అదే అతని నవ్వు.

మూతలో స్ప్రింగు చచ్చిపోయి ఉంది. వేరే బండిది తీసి పెట్టాడు. సత్తెమ్మ బిందెలోంచి నీళ్లు అడిగితే ఆమె అటు తిరిగి కూర్చుంది. కాసేపటికి తనే బిందె తెచ్చి పెట్టి వెళ్లింది. ఇంజను స్టార్ట్ చేసి, అరగంట నడిపి, వేగం పెంచి తగ్గించి చూశాడు. వేడి చూపే మీటరులో సూది సగానికి వచ్చి అక్కడే నిలబడింది. పోచయ్యను పిలిచి చూపించాడు.

"సూది సగం దాటితే ఆపెయ్యి. ఎవడేమన్నా ఆపెయ్యి. కన్ను దాని మీదనే ఉండాలె. మూత ముట్టకు."

సరేనన్నాడు పోచయ్య.

ఆ తరువాత ఇద్దరూ కలిసి షెడ్డులో సామాను బయట పెట్టారు. జాకీలు, పానల పెట్టె, బెంచీ వైసు, సైకిల్ పంపు, విరిగిన చక్రం పాన కూడా. పంతొమ్మిదేళ్ల సామాను రోడ్డు వారగా రెండు గోనెసంచుల మీద సరిపోయింది. అందులో పెద్దదేమీ కనపడక సత్తెమ్మకు ఏడుపొచ్చింది. హఫీజ్‌పేట్ స్టేషన్ అవతల తెలిసినవాళ్ల గోడ ఉందనీ, దానికి రేకు ఆనించుకుంటాననీ మొగిలి ఆమెకు చెప్పాడు. నీక్కూడా పక్కన పొయ్యంత చోటుంటుంది అక్కా అన్నాడు.

అయిదింటికి రవీందర్ వచ్చాడు. కంపెనీ బస్సొకటి దారిలో ఆగిపోవడంతో ఆ పూట బండలు పేల్చడం ఆలస్యమైంది. ఎర్రజెండా మనిషి ఇంకా రోడ్డు చివరే నిలబడి ఉన్నాడు. ఎడమ కడీకి ఒకటి, కుడి కడీకి ఒకటి గొలుసులు వేసి, రెంటినీ అంబాసిడర్ వెనక కలిపి కట్టారు. బండి ముఖం రోడ్డు వైపు. నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు. గొలుసు తెగితే కాళ్లు పోతాయని మనుషులందరూ బండికి ముందు వైపు, రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డారు. రవీందర్ కొబ్బరికాయ పట్టుకుని గడియారం చూస్తున్నాడు.

పోచయ్య స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. వీపు సీటుకు ఆనించలేక ముందుకు వంగి ఉన్నాడు.

సామాను పక్కన నిలబడ్డ మొగిలి ఒక్కసారిగా చొక్కా జేబు తడుముకున్నాడు.

"పసుపు మర్చిపోయిన" అని సత్తెమ్మతో అన్నాడు.

అని, బండికి ఎడమ పక్కగా, పోచయ్యకు కన్ను లేని వైపు నుంచి, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని లోపలికి వెళ్లే మనిషిలా, తొందరగా షెడ్డులోకి నడిచాడు. సత్తెమ్మ ఆగమని అరిచింది. అప్పుడే ఎర్రజెండా మనిషి ఈల ఊదాడు. కొబ్బరికాయ పగిలింది. పోచయ్య గేరు వేశాడు. అతని కన్ను సూది మీద ఉంది.

నిమ్మకాయలు చితికాయి. గొలుసులు బిగిశాయి. ఇంజను గొంతు పెంచింది, కానీ తొణకలేదు. దూరాన నేల దగ్గింది. ఆ చప్పుడులోనే కడీలు ఒరిగాయి, దూలం దిగింది, రేకులు దాని మీద పడ్డాయి. దుమ్ము అణగడానికి కాసేపు పట్టింది. అంబాసిడర్ నలభై అడుగులు ముందుకు పోయి, నిలకడగా ఆడుతూ ఆగింది. సూది సగం దగ్గరే ఉంది. పోచయ్య సంతోషంగా కిటికీలోంచి తల బయటపెట్టి, మొగిలి కోసం రోడ్డు మీద వెతికాడు.

రేకులు ఎత్తడానికి ఆరుగురు పట్టారు. దూలం ఎత్తడానికి జాకీ కావలసి వచ్చింది. మొగిలి జాకీ రోడ్డు పక్కనే ఉంది. సత్తెమ్మ దాన్ని తెచ్చి ఇచ్చింది. పోచయ్య జాకీ పెట్టాడు. అతని చేతులు ఎంత నెమ్మదిగా, ఎంత సక్రమంగా పనిచేశాయో చూసినవాళ్లు తరువాత చాలాసార్లు చెప్పారు. రవీందర్ సుమో అప్పటికే అక్కడ లేదు. ఆరింటికి భూలక్ష్మి నీలం చీరలో, టిఫిను డబ్బా చేత్తో పట్టుకుని, జనం ఎందుకు గుమిగూడారో చూద్దామని రోడ్డు దాటి వచ్చింది.

పోచయ్య ఆ రాత్రి అంబాసిడర్‌ను రవీందర్ ఇంటి ముందు నిలిపి, తాళంచెవి లోపలే వదిలి, నడిచి వెళ్లిపోయాడు. మళ్లీ ఏ బండి నడపలేదు. ఈశాన్యం మూలన నెల తిరక్కుండా ప్రహరీ లేచింది. పోలీసులు ప్రమాదమని రాసుకున్నారు. సత్తెమ్మ హఫీజ్‌పేట్ స్టేషన్ అవతల ఒక గోడ పక్కన పొయ్యి పెట్టింది. ఆమె పొయ్యి పక్కన ఒక రేకుకు సరిపడా చోటు ఖాళీగానే ఉంది.

మొగిలి పిడికిలి విప్పి తీసిన పొట్లాన్ని భూలక్ష్మికి ఇచ్చింది పోచయ్యే. ఆమె దాన్ని వంటింట్లో ఉప్పు డబ్బా పక్కన పెట్టింది. పోచయ్య వేసిన ముడి అలాగే ఉంది. కాగితం మీద నల్లటి నూనె బొటనవేలి ముద్ర ఒకటి, దాని చుట్టూ లోపలి నుంచి కొంచెం కొంచెంగా పైకి ఊరుతున్న పసుపు.